రాబర్ట్ బేక్‌వెల్

రాబర్ట్ బేక్‌వెల్ (1725 మే 23 - 1795 అక్టోబరు 1) ఇంగ్లాండుకు చెందిన రైతు, పశుప్రజననంలో కొత్త పద్ధతులకు ఆద్యుడు. ఇతడు లెస్టర్‌షైర్ కౌంటీలో లఫ్‌బరో పట్టణానికి చేరువలో ఉన్న డిష్లీ గ్రేంజ్ అనే వ్యవసాయ క్షేత్రాన్ని కౌలుకు సాగు చేసాడు. ఒక నిర్దిష్ట ప్రయోజనాన్ని ముందుగా నిర్ణయించుకొని, దానికి తగిన పశువులను ఏరి, తరతరాలుగా జతపరుస్తూ కొత్త జాతులను రూపొందించవచ్చునని ఆచరణలో నిరూపించాడు. ఇతడు తయారుచేసిన కొత్త లెస్టర్ గొర్రె (డిష్లీ లెస్టర్ అని కూడా అంటారు) ఇంగ్లాండు పల్లపు ప్రాంతాల గొర్రెల పెంపకాన్ని మార్చివేసింది. 18వ శతాబ్దపు బ్రిటిషు వ్యవసాయ విప్లవంలో ముఖ్యులుగా పేర్కొనబడేవారిలో బేక్‌వెల్ ఒకడు. ఇదే పేరుగల భూగర్భ శాస్త్రవేత్త (1767-1843) వేరొకరు.

తొలి జీవితం

బేక్‌వెల్ 1725 మే 23న డిష్లీలో జన్మించాడు. తండ్రి పేరు కూడా రాబర్టే. వీరి కుటుంబం తాతగారి కాలం నుండి డిష్లీ గ్రేంజ్‌ను కౌలుకు చేస్తూ వచ్చింది. యువకుడిగా ఉన్నప్పుడు బేక్‌వెల్ ఇంగ్లాండులోని పలు ప్రాంతాలలోను, ఐరోపా ఖండంలోను పర్యటించి అక్కడి సేద్యపు పద్ధతులను పరిశీలించాడు. తిరిగివచ్చి తండ్రికి సహాయంగా పనిచేసాడు. 1760లో తండ్రి మరణించడంతో క్షేత్రం పూర్తిగా ఇతని చేతికి వచ్చింది. బేక్‌వెల్ వివాహం చేసుకోలేదు. ఇంటి వ్యవహారాలను సోదరి హన్నా చూసుకొనేది.

నాటి పరిస్థితులు

బేక్‌వెల్ నాటికి ఇంగ్లాండులో గొర్రెలను ప్రధానంగా రెండు ప్రయోజనాలకు పెంచేవారు. ఒకటి ఉన్ని, రెండవది పొలానికి ఎరువు. మాంసానికి మూడవ స్థానమే. ముసలివై, ఉన్ని తగ్గిన గొర్రెలే ఎక్కువగా కసాయి వద్దకు చేరేవి. ఊరుమ్మడి బీళ్ళలో అందరి మందలూ కలిసి మేసేవి కాబట్టి ఏ ఆడగొర్రెకు ఏ పొట్టేలు జతపడిందో తెలిసే అవకాశం లేదు. పిల్ల పుట్టిన తరువాతనే దాని మంచిచెడ్డలు తెలిసేవి.

18వ శతాబ్దంలో ఈ పరిస్థితిని రెండు మార్పులు కదిలించాయి. ఒకటి, ఉమ్మడి పొలాలకు కంచెలు వేసి విడివిడి కమతాలుగా మార్చే ప్రక్రియ లెస్టర్‌షైర్ వంటి మధ్య ఇంగ్లాండు కౌంటీలలో వేగంగా సాగింది. దీనివలన రైతు తన పొట్టేళ్ళను, ఆడగొర్రెలను వేరువేరుగా ఉంచుకోగలిగాడు. రెండు, జనాభా పెరిగింది. శతాబ్దపు మధ్యకాలంలో 60 లక్షల ప్రాంతంలో ఉన్న ఇంగ్లాండు, వేల్స్ జనాభా 1801 నాటి తొలి జనగణనలో 89 లక్షలకు చేరువయింది. గనుల్లోను, కార్ఖానాల్లోను పనిచేసే వారికి చవకైన, కొవ్వుతో కూడిన మాంసం కావలసివచ్చింది. ఉన్ని కోసం గాక మాంసం కోసమే గొర్రెను పెంచితే ఎటువంటి గొర్రె కావాలి అన్నది బేక్‌వెల్ ఎదుట నిలిచిన ప్రశ్న.

డిష్లీ క్షేత్రం

డిష్లీ క్షేత్రం సోర్ నదీ లోయలో, పల్లపు నేలలో ఉంది. వర్షాకాలం, ఎండాకాలం అన్న విభజన లేకుండా ఏడాది పొడవునా వానలు కురిసే ప్రాంతమిది. గడ్డి ఏపుగా పెరుగుతుంది కాని, నేల తడిగా ఉంటుంది. ఆర్థర్ యంగ్ అనే ప్రసిద్ధ వ్యవసాయ రచయిత డిష్లీని సందర్శించి 1771లో వెలువరించిన తన గ్రంథంలో దాని వివరాలను నమోదు చేసాడు. క్షేత్రం మొత్తం విస్తీర్ణం సుమారు 440 ఎకరాలు. అందులో 110 ఎకరాలు దున్నే భూమి, మిగిలినదంతా పచ్చిక. ఆ నేల మీద 60 గుర్రాలు, 400 గొర్రెలు, 150 పశువులు ఉండేవి. అంటే ఎకరాకు ఒక గొర్రె కూడా లేదు. కాని వాటితోపాటు గుర్రాలు, పశువులు కూడా అదే గడ్డి మీద ఆధారపడేవి కనుక ఆ రోజుల్లో ఇది చాలా ఎక్కువ సంఖ్యగా లెక్క.

మంద ఎంత పెద్దదిగా ఉండాలన్నది వేసవిలో దొరికే గడ్డిని బట్టి గాక, చలికాలంలో నిలువ ఉండే మేతను బట్టి నిర్ణయమవుతుంది. బేక్‌వెల్ చలికాలపు మేతను పెంచడానికి మూడు పనులు చేసాడు. మొదటిది, వాగు నీటిని కాలువల ద్వారా మళ్ళించి పచ్చిక బయళ్ళ మీద పలుచగా పారించాడు. పారే నీరు నేలను చలికి గడ్డకట్టనీయదు, ఒండ్రును కూడా తెచ్చి వేస్తుంది. ఇలా నీరు కట్టిన బయళ్ళలో ఏడాదికి నాలుగు కోతలు గడ్డి వచ్చేదని చెబుతారు. రెండవది, టర్నిప్ దుంపలను సాగు చేసాడు. వాటిని కాలువ నీటిలో పడవేస్తే అవి కొట్టుకుంటూ పశువుల పాకల వరకు చేరేవి, దారిలోనే మట్టి కూడా కడుక్కుపోయేది. మూడవది, పశువులను పాకల్లో కట్టి మేపి ఎరువును జాగ్రత్తగా కూడబెట్టేవాడు. ఏ ఎరువు ఎంత మేలు చేస్తుందో పోల్చి చూడడానికి చిన్న చిన్న మడులలో ప్రయోగాలు చేసేవాడు.

నీరు కట్టిన పచ్చిక బయళ్ళు ఇంగ్లాండులో గొర్రెల ఈతలకు కూడా ఎంతో ఉపయోగపడేవి. గొర్రె చూలు కాలం సుమారు అయిదు నెలలు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పొట్టేలును మందలో వదిలితే ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు పిల్లలు పుడతాయి. అప్పటికి నిలువ మేత అడుగంటుతుంది, మామూలు బయళ్ళలో గడ్డి ఇంకా మొలవదు. పాలిచ్చే తల్లి గొర్రెకు మేత అత్యవసరమైన ఈ కొద్ది వారాలలో నీటి బయళ్ళే ముందుగా పచ్చబడతాయి.

తడి నేల, జలగ వ్యాధి

పల్లపు నేలల్లో గొర్రెలు పెంచేవారికి రెండు రోగాలు ప్రధాన శత్రువులు. ఒకటి గిట్టల కుళ్ళు, రెండవది కాలేయపు జలగ వ్యాధి. ఈ రెండవ వ్యాధి సోకిన గొర్రె రక్తహీనతతో, దవడ కింద నీరు చేరి క్రమంగా చిక్కి మరణిస్తుంది. చూలు గొర్రెలకు సోకితే పిల్లలు బలహీనంగా పుట్టడం, తల్లికి పాలు లేకపోవడం జరుగుతుంది. ఒక తడి సంవత్సరంలో మందకు మంద తుడిచిపెట్టుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. బేక్‌వెల్ తరువాత చాలాకాలానికి, 1879-80 నాటి వానల్లో ఈ వ్యాధి వలన ఇంగ్లాండులో సుమారు 30 లక్షల గొర్రెలు నశించాయి.

ఈ వ్యాధికి కారణం బేక్‌వెల్ కాలంలో తెలియదు. కాని మే నెల దాటిన తరువాత నీరు నిలిచిన బయలులో మేసిన గొర్రెకే ఈ రోగం వస్తుందని, చలికాలంలోను వసంతంలోను నీరు కట్టినందువలన హాని లేదని అతడు అనుభవం మీద గ్రహించాడు. ఈ పరిశీలన సరైనదే. జలగ గుడ్లు గొర్రె పేడతో బయటపడి, నీటిలో పొదిగి, చిన్న బురద నత్తలోకి ప్రవేశించి అక్కడ వృద్ధి చెందుతాయి. ఆ తరువాత గడ్డిపోచలకు అంటుకొని తిరిగి గొర్రె కడుపులోకి చేరుతాయి. వెచ్చదనం, తేమ రెండూ ఉన్నప్పుడే ఈ చక్రం నడుస్తుంది. జర్మనీలో లాయికార్ట్, ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ అనే శాస్త్రవేత్తలు 1880ల తొలి సంవత్సరాలలో ఈ జీవిత చక్రాన్ని కనుగొన్నారు.

బేక్‌వెల్ తన ఈ పరిజ్ఞానాన్ని వ్యాపార రహస్యాలను కాపాడుకోవడానికి కూడా వాడుకున్నాడని సమకాలికులు వ్రాసారు. కసాయికి అమ్మదలచిన గొర్రెలను వేసవిలో నీరు పారించిన బయలులో కావాలనే మేపి, రోగం అంటిన తరువాత అమ్మేవాడట. దానివలన కొన్నవారు వాటిని కోయవలసిందే గాని, దాచుకొని పిల్లలు పెట్టించుకోవడానికి వీలుండేది కాదు.

కొత్త లెస్టర్ గొర్రె

అప్పటి లెస్టర్, లింకన్ ప్రాంతాల గొర్రెలు పెద్ద ఎముకలతో, పొడవైన కాళ్ళతో, దట్టమైన ముతక ఉన్నితో ఉండేవి. అవి ఎదగడానికి మూడు, నాలుగేళ్ళు పట్టేది. బేక్‌వెల్ వీటిలో తన ప్రయోజనానికి సరిపడే వాటిని ఏరుకున్నాడు. అతడు కోరిన లక్షణాలు ఇవి:

* తక్కువ మేతతో త్వరగా కండ, కొవ్వు పట్టడం
* సన్నని ఎముకలు, చిన్న తల, పొట్టి కాళ్ళు
* పీపా వంటి గుండ్రని దేహం, వెడల్పైన వీపు
* రెండేళ్ళ వయసుకే కోతకు సిద్ధం కావడం
* నిదానమైన స్వభావం

గొర్రె ఎంత పెద్దది అన్నది అతనికి ముఖ్యం కాదు. ఒక ఎకరం గడ్డి ఎంత మాంసంగా మారుతుంది, ఎంత త్వరగా మారుతుంది అన్నదే ముఖ్యం. పశువును ఒక యంత్రంలాగా, మేతను ముడిసరుకులాగా లెక్కకట్టి చూసిన ఈ దృష్టి ఆ కాలానికి కొత్తది.

ఇందుకు అతడు అనుసరించిన పద్ధతిని అంతఃప్రజననం అంటారు. కోరిన లక్షణాలు గల తండ్రిని కూతురితో, సోదరుని సోదరితో జతపరచడం ద్వారా ఆ లక్షణాలను స్థిరపరచాడు. దగ్గరి బంధుత్వం గల పశువులను జతపరిస్తే సంతతి క్షీణిస్తుందని సాటి రైతులు నమ్మేవారు. బేక్‌వెల్ లోపాలున్న వాటిని నిర్దాక్షిణ్యంగా తీసివేస్తూ ఈ పద్ధతిని కొనసాగించాడు. తన ఇంటిలో పేరుగాంచిన పశువుల అస్థిపంజరాలను, ఉప్పునీటిలో నిలువచేసిన మాంసపు ముక్కలను భద్రపరచి, ఒక తరానికి మరొక తరానికి ఎముక మందం, కొవ్వు పొర ఎలా మారాయో పోల్చి చూసేవాడు.

పొట్టేళ్ళను అద్దెకు ఇవ్వడం

బేక్‌వెల్ 1760 ప్రాంతంలో తన పొట్టేళ్ళను అమ్మడానికి బదులు ఒక్కొక్క ఋతువుకు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాడు. తొలిరోజుల్లో ఒక పొట్టేలుకు ఒక పౌను కూడా వచ్చేది కాదు. క్రమంగా పేరు వ్యాపించింది. 1786లో అద్దెల ద్వారా 1,000 గినీలు, 1789లో మూడు పొట్టేళ్ళ మీద 1,200 గినీలు, మరి ఏడింటి మీద 2,000 గినీలు సంపాదించాడు. గినీ అంటే ఒక పౌను, ఒక షిల్లింగు. సెప్టెంబరులో ఈ పొట్టేళ్ళను స్ప్రింగులు అమర్చిన రెండు చక్రాల బండ్లలో దూర ప్రాంతాలకు జాగ్రత్తగా పంపేవారు.

ఈ ఏర్పాటులో ఆదాయంతోపాటు మరొక ప్రయోజనం ఉంది. ఒక పొట్టేలు సంతతి వేరువేరు నేలల మీద, వేరువేరు ఆడగొర్రెలకు పుట్టి ఎలా పెరుగుతుందో చూడడానికి బేక్‌వెల్‌కు వీలు చిక్కింది. మంచి పిల్లలను ఇచ్చిన పొట్టేలును వెనుకకు తెచ్చి తన సొంత మందలో వాడుకొనేవాడు. తన 400 గొర్రెల మందలో సాధ్యంకాని విస్తృతమైన పరీక్షను ఇతరుల మందల ద్వారా చేయగలిగాడు. సంతతిని బట్టి తండ్రి విలువను నిర్ణయించే ఈ పద్ధతి నేటికీ పశు ప్రజననంలో వాడుకలో ఉంది.

1783లో బేక్‌వెల్, మరికొందరు పెంపకందారులు కలిసి డిష్లీ సంఘాన్ని స్థాపించారు. జాతి శుద్ధతను కాపాడడం, పొట్టేళ్ళ అద్దెలు పడిపోకుండా చూడడం దీని ఉద్దేశాలు. సభ్యులు కట్టుబడవలసిన నియమాలు కఠినంగా ఉండేవి. బయటివారు దీనిని గుత్తాధిపత్యంగా విమర్శించారు.

ఈతలలో లోపం, విమర్శలు

కొత్త లెస్టర్ గొర్రెకు ఉన్న ముఖ్యమైన లోపం ఈతల విషయంలో బయటపడింది. మాంసం, కొవ్వు మీదనే దృష్టి నిలిపి ఏరుతూ పోవడం వలన ఈ జాతి ఆడగొర్రెలకు పాలు తగ్గాయి. కవల పిల్లలు పుట్టడం కూడా తగ్గింది. ఒక గొర్రెపిల్ల బ్రతికి పెరగాలంటే తల్లి సులభంగా ఈనాలి, వెంటనే లేచి పిల్లను నాకి ఆరబెట్టాలి, తగినన్ని పాలివ్వాలి. చల్లని వాన కురిసే తడి నేల మీద ఈ గుణాల అవసరం మరీ ఎక్కువ. తడిసిన పిల్ల మొదటి కొద్ది గంటలలో పాలు తాగకపోతే చలికి చనిపోతుంది. ఈ గుణాలేవీ బేక్‌వెల్ ఎంపికలో ప్రధాన స్థానం పొందలేదు. మాంసం అతిగా కొవ్వుతో ఉందని, ఉన్ని తగ్గిందని కూడా విమర్శలు వచ్చాయి.

అందువలన పల్లపు ప్రాంతాల రైతులు చాలామంది శుద్ధమైన కొత్త లెస్టర్ మందలకు బదులు, తమ నేలకు అలవాటుపడిన స్థానిక ఆడగొర్రెలను ఉంచుకొని లెస్టర్ పొట్టేలును మాత్రం తెచ్చుకున్నారు. కెంట్ తీరపు చిత్తడి నేలల రామ్నీ మార్ష్ గొర్రె, లింకన్‌షైర్ పల్లపు నేలల లింకన్ గొర్రె ఈ విధంగానే లెస్టర్ రక్తాన్ని కొంత గ్రహించి, తమ పాత తట్టుకొనే శక్తిని చాలావరకు నిలుపుకున్నాయి.

ఇతర పశువులు

బేక్‌వెల్ పొడవు కొమ్ముల లాంగ్‌హార్న్ పశువులను కూడా మాంసం కోసం అభివృద్ధి చేసాడు. ఈ మందలో టూపెన్నీ అనే ఆంబోతు ప్రసిద్ధమైనది. అయితే ఇక్కడ కూడా పాలు, సంతాన శక్తి తగ్గాయి. 1783లో డిష్లీని సందర్శించిన చార్లెస్ కాలింగ్, అతని సోదరుడు రాబర్ట్ ఇవే పద్ధతులతో షార్ట్‌హార్న్ జాతిని తీర్చిదిద్దారు. తరువాతి కాలంలో అదే లాంగ్‌హార్న్‌ను వెనుకకు నెట్టింది. బేక్‌వెల్ పెంచిన నల్లని బండి గుర్రాలు నేటి షైర్ జాతి గుర్రాల పూర్వికులలో చేరతాయి. వాటిలో ఒకదానిని 1785లో లండన్‌లో మూడవ జార్జి రాజుకు చూపించాడు.

వ్యక్తిత్వం, చివరి రోజులు

బేక్‌వెల్ పశువులను కొట్టడం, అదిలించడం సహించేవాడు కాదు. అతని ఆంబోతులు చిన్న పుల్ల చూపితే చెప్పినట్లు నడిచేవని సందర్శకులు ఆశ్చర్యపడి వ్రాసారు. ఫ్రాన్స్, జర్మనీ, రష్యా దేశాల నుండి కూడా అతిథులు డిష్లీకి వచ్చేవారు. అందరికీ ఉచితంగా భోజనం, వసతి లభించేవి. అయితే తన పద్ధతుల గురించి అతడు పుస్తకమేదీ వ్రాయలేదు. తన మందల వంశావళిని రహస్యంగానే ఉంచాడు. శిష్యుడు, మిత్రుడు అయిన జార్జ్ కలీకి వ్రాసిన ఉత్తరాలు మాత్రం మిగిలాయి.

ప్రయోగాల ఖర్చు, అతిథి మర్యాదల ఖర్చు కలిసి అతనిని అప్పులపాలు చేసాయి. 1776లో దివాలా తీసినట్లు ప్రకటించబడ్డాడు. అయినా డిష్లీని విడువక, పొట్టేళ్ళ అద్దెలతో తిరిగి నిలదొక్కుకున్నాడు. 1795 అక్టోబరు 1న తన 70వ ఏట డిష్లీలో మరణించాడు. అక్కడి చర్చిలోనే సమాధి చేసారు. ఆ చర్చి తరువాత శిథిలమైంది. క్షేత్రం మేనల్లుడైన హనీబోర్న్‌కు సంక్రమించింది.

ప్రభావం

జార్జ్ కలీ, అతని సోదరుడు 1767లో ఉత్తరాన నార్తంబర్లండ్‌కు తరలి, అక్కడ డిష్లీ పొట్టేళ్ళతో మందలను పెంచారు. వాటి నుండి బోర్డర్ లెస్టర్ జాతి ఏర్పడింది. 20వ శతాబ్దపు తొలి భాగంలో హెక్సమ్ పరిసరాలలో బ్లూఫేస్డ్ లెస్టర్ జాతి రూపొందింది. ఈ రెండు జాతులలోను పెంపకందారులు బేక్‌వెల్ పట్టించుకోని గుణాలనే, అంటే పాలను, కవలల ఈతను కోరి ఏరారు. కొండ ప్రాంతపు గట్టి ఆడగొర్రెలకు ఈ పొట్టేళ్ళను జతపరచగా పుట్టిన సంకర ఆడగొర్రెలు బ్రిటన్ పల్లపు మందలలో ప్రధాన తల్లి గొర్రెలయ్యాయి. ఆ విధంగా బేక్‌వెల్ పని వదిలిన లోటును అతని గొర్రెల వారసులే పూరించాయి.

ఫ్రాన్స్‌లో 1832 నుండి డిష్లీ పొట్టేళ్ళను మెరీనో గొర్రెలతో కలిపి, నేడు ఇల్ ద ఫ్రాన్స్‌గా పిలిచే జాతిని తయారుచేసారు. మొరావియాలో మెరీనో పెంపకందారుడైన గైస్లెర్న్‌కు మొరావియా బేక్‌వెల్ అనే పేరు వచ్చింది. అక్కడి బ్రునో నగరంలో 1814లో గొర్రెల పెంపకందారుల సంఘం ఏర్పడింది. తల్లిదండ్రుల నుండి పిల్లలకు ఏమి సంక్రమిస్తుంది, ఎలా సంక్రమిస్తుంది అన్న ప్రశ్న ఈ సంఘంలో 1830లలో చర్చకు వచ్చింది. ఆ చర్చలలో పాల్గొన్న మఠాధిపతి నాప్ మఠంలోనే తరువాతి కాలంలో గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసాడు.

చార్లెస్ డార్విన్ 1859లో ప్రచురించిన జాతుల ఉత్పత్తి గ్రంథంలో కృత్రిమ వరణానికి ఉదాహరణగా బేక్‌వెల్‌ను పేర్కొన్నాడు. బేక్‌వెల్ మంద నుండే వచ్చిన రెండు శుద్ధ మందలను ఇద్దరు పెంపకందారులు 50 ఏళ్ళకు పైగా విడివిడిగా పెంచగా, అవి రెండు వేరు జాతులా అనిపించేంతగా మారిపోయిన సంగతిని కూడా అందులో చెప్పాడు.

విశేషాలు

* గుర్రం మీద కూర్చున్న బేక్‌వెల్ చిత్రాన్ని జాన్ బౌల్ట్‌బీ అనే చిత్రకారుడు గీసాడు.
* ఒకప్పుడు ఇంగ్లాండంతటా వ్యాపించిన లెస్టర్ లాంగ్‌వుల్ గొర్రె ఇప్పుడు అరుదైన జాతులలో ఒకటి.
* అమెరికాలో అంతరించిన ఈ జాతిని 1990లో టాస్మేనియా నుండి తెప్పించి, వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో పునరుద్ధరించారు.
* న్యూజీలాండ్‌లో మెరీనో ఆడగొర్రెలను లింకన్ వంటి పొడవు ఉన్ని పొట్టేళ్ళతో జతపరచి కారిడేల్ జాతిని రూపొందించారు. 1960ల చివరలో ఆస్ట్రేలియా సహకారంతో హర్యానాలోని హిసార్‌లో ఏర్పడిన కేంద్ర గొర్రెల ప్రజనన క్షేత్రానికి ఈ గొర్రెలను తెప్పించారు. లింకన్ జాతిలో లెస్టర్ రక్తం ఉన్నందున డిష్లీ గొర్రెల వారసత్వం ఈ విధంగా భారతదేశానికి కూడా చేరింది.